గడ్డపార దిగనంత గట్టి నేల కదా, మట్టి పరీక్ష ఎందుకు?

పల్నాడు జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయురాలు ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం సారాంశం ఇది.

ఆమె హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతారు. భర్త ఉద్యోగరీత్యా కువైట్‌లో ఉంటారు. ఇద్దరూ కూడబెట్టుకుని ఊరి శివార్లలో ఐదు సెంట్ల స్థలం కొన్నారు. ఇప్పటికి కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్ కట్టి, పిల్లలు ఎదిగాక ఇంకో అంతస్తు లేపాలని ఆలోచన. నేల నల్లరేగడి. ఈశాన్యం మూల ఒకప్పుడు చిన్న కుంట ఉండేదనీ, పన్నెండేళ్ల కిందట వెంచర్ వేసినప్పుడు దాన్ని పూడ్చారనీ పక్క పొలం రైతు చెప్పారు. ఎంత లోతు ఉండేదో, దేనితో పూడ్చారో ఎవరికీ తెలియదు.

మేస్త్రి ఆమె పుట్టింటి మనిషి లాంటివాడు. బాపట్ల దగ్గర వాళ్ల ఇంటిని ఇరవై ఏళ్ల కిందట ఆయనే కట్టాడు, ఇప్పటికీ దానికి ఒక్క బీట లేదు. "ఐదడుగుల గుంతలు తీసి, అడుగున ఇసుక పోసి ఫుటింగ్ వేస్తే చాలమ్మా. గడ్డపార కూడా దిగట్లేదు, ఇంతకన్నా గట్టి నేల ఎక్కడ దొరుకుతుంది?" అంటున్నాడు. హైదరాబాద్‌లో ఉన్న మరిది మాత్రం "సాయిల్ టెస్టు చేయించకుండా ముగ్గు పోయించొద్దు వదినా" అని పట్టుబడుతున్నారు. మామగారు ఆ ఖర్చు దండగ అంటున్నారు. ఈలోగా ప్లాను గీసినాయన ఒక కాగితం చేతిలో పెట్టారు. అందులో ఉన్నది ఒకటే వాక్యం: ఎస్‌బీసీ (నేల భద్రంగా మోయగల బరువు) చదరపు మీటరుకు 15 టన్నులు. స్థలంలో ఎవరూ మట్టి పరీక్ష కోసం బోరు వేసినట్టు ఆమె చూడలేదు. పక్క ప్లాటులో నాలుగేళ్ల కిందట కట్టిన ఇంటి గోడలకు వేసవిలో బీటలు విచ్చుకుంటున్నాయి, వానలు పడ్డాక మూసుకుంటున్నాయి. హాల్లో టైల్స్ పైకి ఉబ్బాయి. "శ్రావణంలో శంకుస్థాపన అనుకున్నాం. ఎవరి మాట వినాలి? మేస్త్రి మనసు నొప్పించకుండా ఎలా నడుచుకోవాలి?" అని అడిగారు.

*

మీకు కావలసిన ఆధారం సగం మీ ఉత్తరంలోనే ఉంది. పక్కింటి బీటలు వేసవిలో విచ్చుకుని, వానలకు మూసుకుంటున్నాయని రాశారు. కింది మట్టి బరువుకు కుంగిపోతున్న ఇంటికైతే బీట ఒకే దిక్కుగా పెరుగుతుంది, మూసుకోదు. కాలాన్ని బట్టి తెరుచుకుని మూసుకుంటోందంటే నేల ఊపిరి పీల్చి వదిలినట్టు ఉబ్బుతూ, కుంచించుకుపోతూ ఉందని అర్థం. కుదిరితే పక్కింటివారి అనుమతితో ఒక బీట రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి, తేదీ వేసి, నెలకోసారి వెడల్పు కొలవండి. ఆ బీట పైభాగంలో ఎక్కువ వెడల్పుగా ఉందో, కిందిభాగంలోనో కూడా రాసుకోండి. పైన వెడల్పైతే ఇంటి నడుమ పైకి లేచి అంచులు దిగాయని అనుమానించాలి. నల్లరేగడిలో ఎక్కువగా కనిపించేది అదే. ఇంటి కింద నడిమి భాగం ఎండ తగలక చెమ్మను పట్టి ఉంచుకుంటుంది. అంచుల్లో మట్టి ప్రతి వేసవికీ ఎండి ముడుచుకుంటుంది.

ఇక గడ్డపార సంగతి. మేస్త్రి అబద్ధం చెప్పడం లేదు, మే నెలలో నల్లరేగడి నిజంగానే రాయిలా ఉంటుంది. కానీ అది ఎండ ఇచ్చిన గట్టిదనం. ఈ మట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువ. పలుచని పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే దాని నిర్మాణంలో పొరల నడుమకు నీరు చొరబడి వాటిని విడదీస్తుంది, మట్టి ఉబ్బుతుంది. ఎండినప్పుడు సన్నని రంధ్రాల్లో మిగిలిన నీరు కణాలను దగ్గరకు లాగి పట్టుకుంటుంది. కేశనాళికల పాఠం చెప్పే మీకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. గడ్డపారను ఆపుతున్నది ఆ లాగుడే. తొలకరి పడగానే అది పోతుంది, అదే మట్టి చెప్పుకు అంటుకుని వదలని బంక అవుతుంది. అందుకే నల్లరేగడిలో ఎండాకాలం నేల ఎంత గట్టిగా ఉందో, ఉబ్బడానికి అంత సిద్ధంగా ఉందని లెక్క.

ఇదే కారణంగా మీ చేతిలో ఉన్న కాగితం మీ ప్రశ్నకు జవాబు కాదు. నేల బరువు కింద విరిగి పక్కకు తోసుకుపోకుండా, ఇల్లు హద్దు మీరి కుంగకుండా చదరపు మీటరుకు ఎంత మోయగలదో ఎస్‌బీసీ చెబుతుంది. అది కిందికి దిగడం గురించిన అంకె. మీ నేలలో అసలు భయం పైకి లేవడం. రెండంతస్తుల ఇల్లు తేలికైన కట్టడం. 15 టన్నులు మోస్తుందని లెక్కకట్టి, రేపటి మూడో అంతస్తుకు కూడా కలిపి ఫుటింగ్ పెద్దదిగా వేశారనుకోండి. ఇప్పుడున్న ఇంటి బరువు ఆ ఫుటింగ్ కింద చదరపు మీటరుకు 8, 10 టన్నులే పడవచ్చు. తడిసిన నల్లరేగడి పైకి నెట్టే ఒత్తిడి చాలాచోట్ల అంతకు మించి ఉంటుంది. అప్పుడు ఫుటింగ్ లేస్తుంది. "పెద్ద ఫుటింగ్ వేస్తే భద్రం" అన్న మాట మామూలు నేలలకు సరిపోతుంది గానీ ఇక్కడ ఎదురు తిరుగుతుంది, ఎందుకంటే వైశాల్యం పెరిగే కొద్దీ మట్టిని అణచిపట్టే ఒత్తిడి తగ్గుతుంది. ఇక గచ్చు మీద పడే బరువు దాదాపు ఏమీ లేనట్టే. పక్కింట్లో టైల్స్ ముందు ఉబ్బింది అందుకే.

మేస్త్రి బాపట్లలో కట్టిన ఇల్లు నిలబడడం ఆయన పనితనానికి గుర్తు, ఆ నేల మంచితనానికి కూడా. సముద్రం దగ్గరి ఆ ఇసుక నేల తడిసినా ఉబ్బదు, ఎండినా నెర్రెలు విచ్చదు. అక్కడ ఐదడుగులు సరైన కొలతే. మన దేశంలో లోతైన నల్లరేగడిలో వానకూ ఎండకూ చెమ్మ మారే మందం సుమారు మూడున్నర మీటర్లని పరిశోధకులు లెక్కగట్టారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన అండర్‌రీమ్డ్ పైల్స్‌కు (నేలలోకి లోతుగా దించే, అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగం కనీసం 3.5 మీటర్ల లోతు అడిగేది ఇందుకే. ఐదడుగులంటే ఒకటిన్నర మీటరు, అంటే కదిలే పొర నడిమధ్యన ఫుటింగ్ కూర్చుంటుంది.

మీ బళ్లోనే చేసి చూసుకోగల పరీక్ష ఒకటుంది. స్థలంలో పైమట్టి వదిలేసి ఒక మీటరు లోతు నుంచి ఒకటి, రెండు మీటర్ల లోతు నుంచి ఒకటి నమూనాలు తీయించండి. ఓవెన్‌లో 105 నుంచి 110 డిగ్రీల దగ్గర పూర్తిగా ఆరబెట్టి, పొడి చేసి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టండి. పది గ్రాముల చొప్పున రెండు తూకాలు వేసి, 100 మిల్లీలీటర్ల కొలజాడీలు రెండింటిలో పోయండి. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్ పోసి, గాలి బుడగలు పోయేలా గాజుకడ్డీతో కలిపి, 24 గంటలు కదపకుండా ఉంచండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు కాబట్టి అదే మీ కొలమానం. నీళ్లలో మట్టి మట్టం 24 దగ్గర, కిరోసిన్‌లో 11 దగ్గర నిలిచిందనుకోండి, తేడా 13ను 11తో భాగిస్తే 118 శాతం. దీన్ని ఫ్రీ స్వెల్ ఇండెక్స్ అంటారు. ఐఎస్ 1498 ప్రకారం 50 లోపు తక్కువ, 50 నుంచి 100 మధ్యస్థం, 100 నుంచి 200 ఎక్కువ, ఆపైన మరీ ఎక్కువ. దీన్ని బట్టి పునాది డిజైన్ చేయకూడదు. అయితే మామగారి ముందు, మేస్త్రి ముందు ఆ రెండు జాడీలు పక్కపక్కన పెడితే చాలు, మాటలతో పని ఉండదు.

అసలు పరీక్షకు వస్తే, మీ ఐదు సెంట్లకు రెండు బోర్లు వేయించమంటాను. మామూలు ఏకరీతి నేలైతే ఒకటి సరిపోయేది. మీకు కుంట ఉంది కాబట్టి ఒకటి పూడ్చిన మూలన, ఒకటి అసలు నేల ఉన్న నైరుతి వైపు ఉండాలి. లోతు ఎనిమిది నుంచి పది మీటర్లు ఉంటే పైల్ వేయాల్సి వచ్చినా దాని కొస కింద ఏముందో తెలుస్తుంది. నీళ్ల బోరు వేసినవాళ్లు "నలభై అడుగులకు రాయి తగిలింది" అని చెప్పే మాటను దీనికి బదులుగా తీసుకోవద్దు. వాళ్లు మీకు కావలసిన మొదటి పది అడుగులను రెండు నిమిషాల్లో దాటేస్తారు.

పని జరిగే రోజు మీరో మీ మరిదో అక్కడ ఉండండి. మూడు కాళ్ల స్టాండు, దాని మీద నుంచి పడే బరువు కనిపిస్తాయి. దాన్ని స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్ అంటారు, వాడుకలో ఎస్‌పీటీ. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడాలి. కడ్డీ మీద 15 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున మూడు సుద్దగీతలు గీస్తారు. ఒక్కో గీత దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో మీరే లెక్కపెట్టండి. 4, 6, 8 పడితే మొదటి 4 వదిలేసి 6, 8 కలుపుతారు, ఎన్ విలువ 14 అన్నమాట. ప్రతి ఒకటిన్నర మీటరుకూ, మట్టి రంగో రకమో మారిన ప్రతిచోటా ఇది జరగాలి. మనుషులు అలసిపోయి సుత్తిని పూర్తి ఎత్తుకు లాగకపోతే ఒక్కో దెబ్బ బలం తగ్గుతుంది, దెబ్బల సంఖ్య పెరుగుతుంది, కాగితం మీద నేల ఉన్నదానికంటే గట్టిదిగా కనబడుతుంది. ఎండిన నల్లరేగడిలో పైపొరల్లో వచ్చే పెద్ద అంకెలను కూడా నమ్మకూడదు. అవి వేసవి అంకెలు. అందుకే రిపోర్టులో తేదీ, నీరు తగిలిన లోతు తప్పనిసరిగా ఉండాలి.

దెబ్బలు కొట్టి తీసిన మట్టి నలిగిపోయి ఉంటుంది. ఉబ్బే ఒత్తిడి, నేల బలం తెలియాలంటే పలుచని గొట్టం గుచ్చి చెదరని నమూనాలు తీయాలి. రెండు చివర్లా మైనం పోసి చెమ్మ పోకుండా మూయాలి. ఎండలో మధ్యాహ్నమంతా లారీలో పడేసిన గొట్టంలోని మట్టి మీ స్థలంలోని మట్టి కాదు. ల్యాబ్‌కు ఇచ్చే పత్రంలో ఈ పరీక్షలు రాయించండి: లోతు వారీగా చెమ్మ శాతం, కణాల పరిమాణం, లిక్విడ్ లిమిట్, ప్లాస్టిక్ లిమిట్, ష్రింకేజ్ లిమిట్ (ఎంత చెమ్మ దగ్గర మట్టి స్వభావం మారుతుందో చెప్పే హద్దులు), ఫ్రీ స్వెల్ ఇండెక్స్, స్వెల్లింగ్ ప్రెషర్, నేల బలం, పూడిక కింద మెత్తటి మట్టి తగిలితే కన్సాలిడేషన్ (బరువుకు ఎంత అణుగుతుందో), మట్టిలో సల్ఫేట్లు, క్లోరైడ్లు. సల్ఫేట్లు 0.2 శాతం దాటితే పునాది కాంక్రీటు, సిమెంటు ఎంపిక మారాలి. వీటన్నిటిలో స్వెల్లింగ్ ప్రెషర్‌ను మాత్రం వదులుకోవద్దు. ఉంగరంలో బిగించిన మట్టికి నీళ్లు పెట్టి, అది పైకి లేవకుండా ఎంత బరువుతో ఆపాల్సి వచ్చిందో కొలుస్తారు. మీ ఇంటి భవిష్యత్తు తేల్చే అంకె అదే, సాధారణ కొటేషన్లలో చాలాసార్లు లేనిదీ అదే. యంత్రం తెచ్చినందుకు ఎంత, బోరుకు మీటరు చొప్పున ఎంత, ల్యాబ్ పరీక్షలకు ఎంత అని విడివిడిగా రాయించుకుని ఇద్దరు ముగ్గురి ధరలు పోల్చండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లను, మట్టి పరీక్షలు చేసే ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ విభాగాలను అడగవచ్చు. బోర్ లాగ్ (ఏ లోతులో ఏ మట్టి తగిలిందో రాసిన పట్టిక) లేని రిపోర్టు, లోతులు లేని రిపోర్టు, ఒకే అంకె ఉన్న రిపోర్టు తీసుకోవద్దు. మీ దగ్గరున్న కాగితం ఆ కోవలోనిదే. దాన్ని ఇచ్చినాయనతో గొడవ అక్కర్లేదు. "బోరు ఎక్కడ వేశారు, ఏ తేదీన, ఎంత లోతు?" అని అడిగి జవాబు రాతలో ఇమ్మనండి.

కుంట మూల గురించి ఇంకొంచెం చెప్పాలి. నల్లరేగడి ఒక సమస్య, పూడిక వేరే సమస్య. ఒకటి లేస్తుంది, ఒకటి దిగుతుంది. రెండూ ఒకే ఇంటి కింద ఉండడం ప్రమాదం. కాంక్రీటు ఫ్రేముతో కట్టిన ఇంట్లో పక్కపక్క స్తంభాల నడుమ కుంగుడు తేడాకు ఐఎస్ 1904 పెట్టిన హద్దు దూరంలో 666వ వంతు. నాలుగు మీటర్ల ఎడంలో ఉన్న రెండు స్తంభాలకు అది ఆరు మిల్లీమీటర్లు. సరిగా కుదించకుండా పోసిన రెండు మీటర్ల పూడిక ఒక్క శాతం అణిగినా 20 మిల్లీమీటర్లు. పన్నెండేళ్ల వానలకు అది సర్దుకుని ఉంటుందని మామగారు అనవచ్చు. కొంత సర్దుకునే ఉంటుంది, తన బరువుకు మాత్రమే. ఇంటి బరువు పడ్డాక, సంపు కారి తడిసినప్పుడు మళ్లీ దిగుతుంది.

ముందుగా కుంట హద్దు తెలుసుకోండి. గ్రామ నక్షా, ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు కొలతల పటం) చూడండి, పాత ఉపగ్రహ చిత్రాల్లో పూడ్చకముందు సంవత్సరాలు వెతకండి, ఆ రైతును పిలిచి స్థలంలో నిలబెట్టి చూపించమనండి. తర్వాత జేసీబీతో రెండు గుంతలు తీయించండి, అయితే స్తంభం వచ్చే చోట మాత్రం తవ్వించవద్దు. పూడికలో ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ సంచులు, వేర్లు కనబడతాయి. కుంట అడుగు తగిలితే నల్లటి బురద, కుళ్లు వాసన, నత్తగుల్లలు కనబడతాయి. ఆ బురద ఇంటి కింద ఉండడానికి వీల్లేదు. ఒకటిన్నర మీటరు దాటిన గుంతలోకి పక్కలకు చెక్కలు, జాకీలు కట్టకుండా ఎవరినీ దించవద్దు, బకెట్‌తో పైకి తీసిన మట్టిని ఒడ్డున చూస్తే చాలు. నల్లరేగడి గోడ నెర్రెల వెంబడి పలకలా ఒక్కసారిగా ఊడిపడుతుంది, మనిషికి తప్పుకునే వ్యవధి ఉండదు. పని కాగానే గుంత పూడ్పించండి, పిల్లలు ఆడుకునే చోటు అది.

రిపోర్టు వచ్చాక మీ ముందు ఏ దారులుంటాయో, ఏ దారిలో ఏమవుతుందో చూద్దాం.

నల్లమట్టి మందం రెండు, రెండున్నర మీటర్లే ఉండి, కింద గట్టి గరపో ఉబ్బని సుద్దపొరో తగిలితే అక్కడిదాకా గుంత తీసి మామూలు ఫుటింగే వేసుకోవచ్చు. మేస్త్రికి అలవాటైన పని, వేరే యంత్రాలు అక్కర్లేదు. కానీ లోతు గుంతలకు పక్క ఆధారాలు కావాలి, కాంక్రీటు, ఇనుము పెరుగుతాయి. సుద్ద కొన్నిచోట్ల తడిస్తే మెత్తబడుతుంది కాబట్టి దాన్నీ పరీక్షించి ఉండాలి. స్తంభం చుట్టూ తిరిగి నల్లమట్టే పూడిస్తే అది స్తంభాన్ని పట్టుకుని పైకి లాగుతుంది. ఆ చుట్టూ ఉబ్బని గ్రావెల్ మట్టి కుదించాలి.

నల్లమట్టి ఇంకా లోతుకు ఉంటే అండర్‌రీమ్డ్ పైల్స్ మీద కట్టడం ఈ నేలలకు బాగా నలిగిన దారి. ఉదాహరణకు 300 మిల్లీమీటర్ల వ్యాసం బోరు తీసి, అడుగున ప్రత్యేకమైన కట్టర్‌తో 750 మిల్లీమీటర్ల గుండ్రటి ఉబ్బు తవ్వుతారు. కదలని పొరలో ఉన్న ఆ ఉబ్బు లంగరులా పట్టుకుంటుంది, పైపొర ఎంత లాగినా పైల్ రాదు. లాగుడు ఉంది కాబట్టి ఇనుము పూర్తి పొడవునా ఉండాలి, సగంలో ఆపకూడదు. రెండు పైల్స్ నడుమ ఎడం మామూలుగా ఉబ్బు వ్యాసానికి రెట్టింపు, అంటే ఇక్కడ ఒకటిన్నర మీటరు. పని పాడయ్యేది ఎక్కువగా రెండు చోట్ల: ఉబ్బు సరిగా తవ్వకపోవడం, అడుగున వదులు మట్టి మిగలడం. ఎల్ ఆకారంలో వంచిన కడ్డీ దించి ఉబ్బు వెడల్పు కొలిచాకే కాంక్రీటుకు ఒప్పుకోండి, తీసిన బోరులో అదే రోజు కాంక్రీటు పోయించండి. ఇసుక పొర, నీరు తగిలితే ఉబ్బు కూలిపోతుంది. అప్పుడు బోరు గోడ కూలకుండా ఆపే బెంటొనైట్ బంకమట్టి ద్రవంతో పని చేయాలి, లేదా పైల్ రకమే మార్చాలి. బోర్ లాగ్ చూసి డిజైనర్ ఈ సంగతి ముందే చెప్పగలరు. మూడో అంతస్తు వేయాలన్న ఆలోచన కూడా ఆయనకు ఇప్పుడే చెప్పండి. కట్టిన ఇంటి కింద తర్వాత పైల్స్ చేర్చడం బాగా ఖర్చుతో కూడిన పని.

పైల్స్ వేసి కూడా చాలామంది ఒకచోట మోసపోతారు. పైల్స్‌ను కలిపే బీమ్‌ను మట్టి మీదే పోసేస్తారు. వాన పడగానే మట్టి ఉబ్బి ఆ బీమ్‌ను కిందినుంచి తోస్తుంది, పైల్స్‌కు పెట్టిన ఖర్చు వృథా అవుతుంది. బీమ్ అడుగుకూ మట్టికీ నడుమ కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలని ఐఎస్ 2911 చెబుతోంది. కింద షట్టరింగ్ పెట్టి పోసి, తర్వాత దాన్ని తీసేయాలి, పక్క మట్టి జారి ఖాళీ నిండకుండా బయట ఇటుక వరుస అడ్డు పెట్టాలి. గచ్చు సంగతీ విడిగా తేల్చుకోండి. ఒక పద్ధతి, గచ్చును కూడా బీమ్‌ల మీద మోసే స్లాబుగా వేయడం. ఖర్చు ఎక్కువ, నిశ్చింత ఎక్కువ. రెండోది, ఇంటి కింద మీటరు నల్లమట్టి తీసేసి ఉబ్బని మట్టితో నింపడం. ఖర్చు తక్కువ, కానీ మరీ ఎక్కువ ఉబ్బే నేలలో గచ్చు ఎంతోకొంత కదలవచ్చు.

ఆ నింపే మట్టి ఇసుక మాత్రం కాకూడదు. మేస్త్రి సలహాలో నేను అన్నిటికంటే గట్టిగా వద్దనేది ఇదే. నల్లరేగడిలో గుంత తీసి ఇసుక నింపితే తొట్టి కట్టినట్టే. చుట్టూ బంకమట్టి నీటిని పోనివ్వదు, ఇసుక నీటిని నిల్వ పెట్టుకుని అడుగునున్న మట్టికి నెలల తరబడి తాపుతుంది. కొంత బంక ఉండి, ఉబ్బని ఎర్ర గ్రావెల్ మట్టి కావాలి. ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి నల్లరేగడి కాలువల కోసం అభివృద్ధి చేసిన సీఎన్‌ఎస్ (బంక ఉండీ ఉబ్బని మట్టి) పొర వెనకున్న ఆలోచన ఇదే. దాన్ని 20, 25 సెంటీమీటర్ల పొరలుగా పరిచి, తగిన చెమ్మతో రోలర్ తిప్పి, ల్యాబ్ గరిష్ఠ సాంద్రతలో 95 శాతం వచ్చిందని కోర్ కట్టర్‌తో (మట్టి ముక్కను కోసి తీసే గొట్టం) తేల్చుకున్నాకే పై పొర వేయాలి. నీళ్లు వదిలి "అదే దిగుతుంది" అనడం కుదించడం కాదు.

ఇల్లంతా ఒకే మందపాటి పలకలా వేసే రాఫ్ట్ మాట కూడా ఎవరైనా చెప్పవచ్చు. సమంగా ఉన్న మెత్తటి నేలకు అది బాగా పనికొస్తుంది. సగం పూడిక, సగం నల్లరేగడి ఉన్న మీ స్థలంలో పలుచని రాఫ్ట్ వంగుతుంది, వంగనంత దృఢంగా వేయాలంటే ఖర్చు పైల్స్‌తో పోటీపడుతుంది. రెండిటికీ లెక్క కట్టించి చూడండి, వద్దని ముందే అనను.

ఇవన్నీ కాక, ఖర్చు లేని దారి ఒకటుంది, కుంట మూలను వదిలేయడం. ఈశాన్యం ఖాళీగా ఉంచాలని వాస్తు రీత్యా మామగారూ కోరుకుంటారు కాబట్టి ఇంట్లో దీనికి అడ్డు ఉండదు. ప్లాను రెండు మూడడుగులు నైరుతికి జరిపితే ఒక్క స్తంభం కూడా పూడికలో పడకుండా కుదరవచ్చు, హద్దు తేలాక కొలిచి చూడండి. అక్కడే నీళ్ల సంపు కట్టాలంటే మాత్రం ఇటుకది వద్దు, కాంక్రీటుదే కట్టించండి, ఇంటి పునాదికి వీలైనంత దూరంగా పెట్టండి, గొట్టాల అతుకులు కొంచెం కదలనిచ్చేవి వాడండి. కారే సంపు ఈ నేలలో రోజూ పడే వాన లాంటిది.

ఏమీ చేయకుండా ఐదడుగుల ఫుటింగే వేస్తే ఇల్లు కూలిపోతుందని చెప్పను. ఫ్రేము ఇల్లు చాలాకాలం నిలబడుతుంది కూడా. కానీ తలుపులు వానాకాలం పట్టేస్తాయి, కిటికీ మూలల నుంచి ఏటవాలు బీటలు వస్తాయి, బాత్రూం గొట్టాలు అతుకు దగ్గర ఊడతాయి, ఊడిన గొట్టం నుంచి కారే నీళ్లు నేలను మరింత ఉబ్బిస్తాయి. ప్రతి రెండేళ్లకూ పూత, టైల్స్, ప్లంబింగ్ ఖర్చు ఉంటుంది. పైన మూడో అంతస్తు వేయడానికి ఏ ఇంజనీరూ ధైర్యంగా సంతకం పెట్టరు. మామగారు దండగ అంటున్న ఖర్చును దీని పక్కన పెట్టి చూడమనండి.

ఏ పునాది వేసినా నీటి క్రమశిక్షణ తప్పదు. ఇంటి చుట్టూ మీటరు నుంచి ఒకటిన్నర మీటరు వెడల్పున బయటికి వాలుగా గచ్చు ఉండాలి. డాబా మీది వాన గొట్టాలు గోడ మొదట్లో కాకుండా దూరంగా కాలువలో పడాలి. సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత పునాదికి దూరంగా ఉండాలి. వేప, రావి లాంటి పెద్ద చెట్లు గోడకు వాటి ఎత్తంత దూరంలోనైనా ఉండాలి, వేసవిలో వాటి వేర్లు అంత దూరం చెమ్మ పీలుస్తాయి. ప్రహరీ గోడను లెక్కలోకి తీసుకోని వాళ్లు చాలామంది. తేలికైన గోడ, లోతులేని పునాది కాబట్టి మొదట బీటలిచ్చేది అదే. దానికీ కొన్ని పొట్టి పైల్స్, బీమ్ అడగండి, లేదా ఐదారు మీటర్లకొకచోట విడగొట్టి జాయింటు వదలమనండి.

మేస్త్రి సంగతి. ఆయన్ను పక్కన పెట్టాల్సిన పని లేదు. పైల్స్ పని ఆ పరికరాలున్న బృందం మూడు నాలుగు రోజుల్లో చేసి వెళుతుంది, బీమ్ నుంచి పైదంతా ఆయనదే. బోరు వేసే రోజు ఆయన్ను పిలిచి, బయటికొచ్చే ప్రతి పొర మట్టినీ చేతిలోకి తీసుకుని నలిపి చూడమనండి. ఇరవై ఏళ్లు మట్టితో పని చేసిన మనిషి ఒకటిన్నర మీటరు దగ్గర, మూడున్నర మీటర్ల దగ్గర చెమ్మ తేడా మీకంటే ముందే పసిగడతాడు. "బాపట్ల ఇసుకలో నువ్వు చెప్పిందే సరి బాబాయ్, ఈ మట్టిది వేరే దారి అట, ఇద్దరం కలిసి చూద్దాం" అంటే ఆయన గౌరవానికి లోటు రాదు.

శ్రావణం ముహూర్తం కూడా మార్చుకోనక్కర్లేదు. శంకుస్థాపనకు కావలసింది చిన్న గుంతే. బోర్లు ఒకటి రెండు రోజుల పని, చెదరని నమూనాల మీద ఉబ్బు పరీక్షలకు రోజులు పడతాయి కాబట్టి రిపోర్టుకు రెండు మూడు వారాలు పట్టవచ్చని అనుకోండి. కాబట్టి ఈ వారమే కొటేషన్లు అడగండి. పూజ జరిపించండి, పునాది గుంతలకు మాత్రం రిపోర్టు చూసి స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం పెట్టిన డ్రాయింగ్ వచ్చాకే ముగ్గు పోయించండి. ఒకసారి గుంత తీశాక దాన్ని ఎండకూ వానకూ వదిలేయకుండా అదే రోజు అడుగు సరిచేసి పీసీసీ (ఇనుము లేని కాంక్రీటు) బెడ్ పోయించండి, కుదరకపోతే చివరి ముప్పావు అడుగు మట్టి తవ్వకుండా ఉంచి, పోసే రోజు ఉదయం తీయించండి.